ఫ్యాక్స్‌లో వెళ్లిన పాదం

మా చెల్లి బుడ్డికి ఎడమకాలు కుడికాలి కన్నా కొంచెం పొట్టి. తూలకుండా నడవాలంటే ఎడమ బూటుకి అడుగున ఎత్తు ఉండాలి. అలాంటి బూటు షాపుల్లో దొరకదు. దూరపు ఊళ్లో ఉన్న ఒక పెద్దాయన బుడ్డి పాదానికి సరిపోయేలా చేసిస్తాడు. మేం ఆయన్ని బూట్ల తాత అంటాం. కాగితం మీద పాదం పెట్టి చుట్టూ గీత గీసి పంపితే చాలు, మిగతాది ఆయన చూసుకుంటాడు.

ఆ రోజు పొద్దున బుడ్డి పాత బూటు అడుగు ఊడి చేతికొచ్చింది. నాన్న వెంటనే తాతకి ఫోన్ చేశాడు.

"బతికించావు, ఇవాళే చేశావు. సాయంత్రం నన్ను ఆసుపత్రిలో చేర్చుకుంటారు. రేపు కంటి ఆపరేషన్," అన్నాడు తాత. "మళ్లీ కత్తి పట్టాలంటే రెండు నెలలట. గీత ఇప్పుడే పంపితే తోలు కోసిపెట్టి వెళ్తా. కుట్టడం మా కోడలు కుడుతుంది. కోత మాత్రం దానికింకా రాలేదు."

"ఫొటో పంపేస్తా బాబాయ్."

"నాది బటన్ల ఫోనయ్యా. ఫ్యాక్స్ కొట్టు. నా చేతికి కాగితం రావాలి."

ఇదివరకు వీధి చివర జిరాక్స్ షాపులో ఫ్యాక్స్ ఉండేది. నాన్న పరుగున వెళ్లాడు. ఫోన్ లైన్ తీయించేశాం, మెషిన్ మూల పడి ఉంది, కావాలంటే తీసుకుపో అన్నాడట షాపతను. నాన్న నిజంగానే దాన్ని చంకన పెట్టుకుని, యుద్ధం గెలిచినట్టు ఇంటికొచ్చాడు.

"దీని వైరు ఎక్కడ గుచ్చుతావు?" అంది అమ్మ, కుట్టుమిషన్ ఆపకుండా.

నాన్న నాలుగు గోడలూ చూశాడు. మా ఇంటికి ఫోన్ లైన్ ఏనాడూ లేదు.

"సెల్‌ఫోనుకి తగిలిస్తే?"

"పెరట్లో గుచ్చు. నీళ్లు పోస్తే మొలకొస్తుందేమో."

బుడ్డి పకపకా నవ్వింది. నాన్న నవ్వలేదు. మెషిన్ కింద పెట్టి దాని పక్కనే కూలబడ్డాడు. బూటు లేకపోతే బుడ్డి రెండు నెలలు గోడ పట్టుకుని కుంటాలి. బడికి ఎత్తుకెళ్లాలి, ఆటల పీరియడ్‌లో ఒక్కతే కూర్చోవాలి.

అప్పుడు నాకు మేడమీది అక్క గుర్తొచ్చింది. ఆమె ఇంట్లోనే కూర్చుని ఆసుపత్రుల కాగితాలు టైపు చేస్తుంది. 'ఇప్పుడే ఫ్యాక్స్ చేశానండీ' అని ఆమె అనడం కిటికీలోంచి చాలాసార్లు విన్నాను. ఆమెకీ ఫోన్ లైన్ లేదు. నాన్న చొక్కా కొస లాగి చెవిలో చెప్పాను.

"అయితే వెళ్లి అడుగు," అన్నాడు.

"నేనా?"

"మరి ఆ సంగతి నీకు తెలిసినంత నాకు తెలుసా? నాకు బస్సు డ్యూటీకి టైమైపోయింది. వెళ్లమ్మా, నా తల్లివి కదూ!"

అక్కతో అప్పటిదాకా మెట్ల మీద నవ్వడమే తప్ప ఒక్క మాటా మాట్లాడి ఎరగను. తలుపు దగ్గర నిలబడి, తట్టాలా వద్దా అనుకుంటుంటే ఆమే తీసింది. ఎలా చెప్పానో నాకే తెలియదు. అక్క మాత్రం అంతా అర్థమైనట్టు లోపల కంప్యూటర్ దగ్గరికి లాక్కెళ్లింది.

"దానికి లైన్ ఎందుకే పిచ్చిపిల్లా! నెట్ ఉంటే చాలు. కాగితాన్ని ఫొటో తీసి ఇందులో పెట్టి, తాత ఫ్యాక్స్ నంబర్ కొడతాం. ఈ సైటు వాళ్ల మెషిన్ మన తరఫున ఆయన మెషిన్‌కి ఫోన్ చేస్తుంది. అక్కడ ఎప్పట్లాగే కాగితం బయటికొస్తుంది."

మేం ఇక్కడికి రాకముందు మా పల్లె బడిలో కంప్యూటర్ మీద ఎప్పుడూ దుప్పటి కప్పి ఉండేది. ఆ అలవాటుకొద్దీ చేతులు వెనక్కి పెట్టుకుని చూస్తున్నాను.

"ముట్టుకో. కరవదులే," అంది అక్క.

కిందికి పరుగెత్తాను. అమ్మ బట్టలు కత్తిరించే కాగితం పరిచి బుడ్డి పాదం గీసింది. దాన్ని పట్టుకుని మళ్లీ మేడెక్కాను. ఫొటోలో సైజు మారిపోతుందని అక్క చెప్పడంతో, పక్కన కొలతల టేపు కూడా పెట్టాం. అక్క ఫొటో తీసింది. నేనే నంబర్ కొట్టాను. కాసేపటికి స్క్రీన్ మీద 'పంపబడింది' అని కనిపించింది.

"అలా ఉందని నమ్మెయ్యకు. ఆయన చేతికి ఏం వచ్చిందో అడుగు," అంటూ అక్క తన ఫోన్ నా చేతిలో పెట్టింది. అమ్మ కింద బుడ్డి దగ్గర ఉంది. తప్పలేదు.

"తాతయ్యా... నేను... బుడ్డి వాళ్లక్కని..."

"గట్టిగా మాట్లాడమ్మా! కళ్లే అనుకున్నా, చెవులూ పోయాయా ఏంటి నాకు?"

"కాగితం వచ్చిందా?"

"బ్రహ్మాండంగా వచ్చింది. ఏం పెడుతున్నారే దానికి? టేపు చూస్తే నీ పాదమంత ఉంది. పోన్లే, ఎదిగే పిల్ల. ఇలాగే కోసేస్తా."

బుడ్డి పాదం నా పాదమంతా? బల్ల మీదున్న కాగితం వైపు చూశాను. దాని మీద రెండు గీతలున్నాయి. అమ్మ ఏ బట్టకైనా అంతే. ఒంటి కొలతకి లోపల సుద్దతో సన్నగా ఒక గీత గీస్తుంది. కుట్టు పడడానికి బయట వేలెడు వదిలి, కత్తెర కోసం పెన్నుతో ముదురుగా ఇంకోటి గీస్తుంది. పాదానికీ చెయ్యి అలాగే పోయింది. లేత సుద్ద గీత ఫ్యాక్స్‌లో ఎగిరిపోయి, బయటి గీత ఒక్కటే తాతకి చేరింది.

"కొయ్యకండి! ఆగండి తాతయ్యా!" అని అరిచాను. అక్క ఉలిక్కిపడింది. పెద్దవాళ్ల మీద అలా గొంతు పెంచడం నాకు అదే మొదలు. ఇక ఆగలేదు, సుద్ద గీత గురించి, అమ్మ కుట్టు గురించి గడగడా చెప్పేశాను.

అవతల నవ్వు, నవ్వులోంచి దగ్గు.

"మీ అమ్మ పాదానికి కూడా అంచు వదిలిందా! కోసేసుంటే ఆ బూటులో దాని రెండు కాళ్లూ పట్టేవి. తొందరగా పంపు తల్లీ. మా అల్లుడు బండి తెచ్చి గుమ్మంలో నిలబడ్డాడు."

"వెళ్లిపోతారా?"

"కాసేపు నిలబడనీ. ఎన్నిసార్లు నన్ను నిలబెట్టాడో వాడు!"

కిందికి వెళ్లి నేను చెప్పగానే అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మరుక్షణం బుడ్డిని చంకనేసుకుని మేడెక్కింది. అక్క ప్రింటర్‌లోంచి తెల్ల కాగితం లాగింది. నల్ల పెన్నుతో పాదాన్ని ఆనుకుని నేనే గీశాను. చక్కిలిగిలికి బుడ్డి మెలికలు తిరుగుతుంటే అమ్మ, అక్క చెరోవైపు పట్టుకున్నారు.

పక్కన టేపు పెట్టి రెండోసారి పంపి, తాతకి మళ్లీ ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాం. ఆయన మెషిన్ గిర్రుమనడం వినిపించింది.

"వస్తోంది... ఇదిగో మడమ. వంపు వస్తోంది. బుడ్డీ, ఏదీ, నీ బొటనవేలు ఎక్కడ?"

"ఇదిగో తాతా!" అని బుడ్డి వేలు ఆడించింది, ఆయనకి కనిపిస్తున్నట్టే.

"ఆ, వచ్చింది. ఇది మా పిల్ల పాదం. ఇక నేను కత్తి తీస్తున్నా, ఫోన్ పెట్టేయండి."

అమ్మ అక్క చెయ్యి పట్టుకుంది. కళ్లు తుడుచుకుని, "నీ డ్రెస్సులు ఏమైనా బిగుతైతే పట్టుకురా అమ్మా," అంది. అక్క నవ్వుతూ నా తల నిమిరింది. కాసేపటి క్రితం దాకా ఈ గదిలో అడుగు పెట్టడానికి భయపడ్డానంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

కోడలు కుట్టిన బూటు పార్శిల్‌లో వచ్చింది. బుడ్డి తొడుక్కుని, గోడ వదిలేసి, గదంతా ఒక చుట్టు చుట్టింది. వేళ్లు నొక్కడం లేదట, మడమ జారడం లేదట.

తాత కంటి కట్టు విప్పిన రోజు నేనే ఫోన్ చేశాను. ఎవరూ చెయ్యమనలేదు.

"బాగానే కనబడుతోంది," అన్నాడు. "ఈసారి పాదం వద్దు, పిల్ల నడుస్తున్న బొమ్మ పంపు. చూస్తా."

అందుకే ఇప్పుడు అక్క బల్ల దగ్గర కూర్చుని బుడ్డిని గీస్తున్నాను. వంకర తిరిగినా పోల్చుకునేలానే ఉంది. కింద 'మీ చేతులకి మా ఇంటిల్లిపాది నమస్కారం' అని రాసి, తాత ఫ్యాక్స్ నంబర్ కొట్టాను.