సైరాకన్ ముక్కు

సరీసాజ్ చిత్తడినేలలో మే నెల రాగానే ఎర్రకాడలు మొలుస్తాయి. అవి రెండు జాతులు. ఒకటి బల్తిర్‌కాన్, తోలు తీసి పచ్చిగా నమిలేస్తారు. రెండోది దాని దగ్గర చుట్టమే, కానీ విషం. పూలు విచ్చాక రెంటికీ తెల్ల గొడుగులే. ఇక ఆకు విప్పుకోని లేతకాడలప్పుడైతే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. గుట్టంతా వేరులో ఉంది. నిలువునా కోస్తే విషపుదానికి లోపల గదులు గదులుగా ఉంటాయి, పసుప్పచ్చ రసం ఊరుతుంది.

సైరాకన్ మాత్రం ఎన్నడూ వేరు కోసిన పాపాన పోలేదు. కాడ ముక్కు దగ్గర పెట్టుకుని చెప్పేసేది. నలభై ఏళ్లుగా లోయంతా ఆ ముక్కునే నమ్ముకుంది. "వేరు తవ్వడం ముక్కు లేనోళ్ల పని" అని వెక్కిరించేది కూడా. కిందటేడు కోడలు ఎల్నూరా "నాకూ నేర్పండి, అపా" అని అడిగితే, "నేర్పడానికేముందే, ముక్కుంటే చాలు" అని కొట్టిపారేసింది.

ఈ చలికాలం జ్వరమొకటి వచ్చి, పోతూ పోతూ ఆ ముక్కునే పట్టుకుపోయింది. ఉల్లిపాయ కోసినా, పిడకలు రాజేసినా వాసనన్నది లేదు. సైరాకన్ ఆ సంగతి ఎవరి దగ్గరా పొక్కనివ్వలేదు. ఎవరేం తెచ్చినా ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, తోచింది చెప్పేది. ఇంతవరకూ ఎవరికీ ఏమీ కాలేదు. అదృష్టాన్ని తన తెలివనుకోవడం కూడా మొదలుపెట్టింది, మహాతల్లి.

ఎల్నూరాకి ఇప్పుడు నాలుగో నెల. పెళ్లయి రెండేళ్లయినా ఫలానాది తినాలనుందని నోరు తెరిచి అడగని పిల్ల, "బల్తిర్‌కాన్ తినాలనుంది, అపా" అంది. కడుపుతో ఉన్నదాని కోరిక తీర్చని అత్తని ఆ లోయలో ఎవరూ క్షమించరు. కొడుకేమో గొర్రెలతో కొండెక్కాడు. సైరాకనే కత్తి పట్టుకుని బయల్దేరింది.

మోకాలిదాకా మంచునీళ్లు. వేరు తవ్వే ఓపిక లేదు, ఉన్నా చూసేవాళ్లు నవ్విపోతారన్న బెంగ. ఏడు కుదుళ్ల నుంచి ఏడు కాడలు తెచ్చింది. ఆరింటిని కత్తితో కోసింది. ఒకటి మాత్రం లాగితే వేరుతో సహా ఊడొచ్చింది. దారిలో నాలుగుసార్లు ఆగి వాటిని ముక్కుకి ఆనించి గట్టిగా పీల్చింది. చల్లగాలి తప్ప ఏమీ తెలియలేదు. భయమేసింది.

ఇంట్లో పెద్దవాళ్లు ముట్టందే చిన్నవాళ్లు ముట్టరు. ఆ ఆనవాయితీ ఆ రోజు సైరాకన్‌కి కలిసొచ్చింది. పైనున్న కాడ తీసి, తోలు ఒలిచి, తినేసింది.

"మిగతావి శుభ్రం చేసి నీళ్లలో వేసి ఉంచు. ఆవు పాలు పితికొస్తా. నేనొచ్చేదాకా ముట్టకు."

పాలు పితికింది. దూడని కట్టింది. దొడ్డి రెండుసార్లు ఊడ్చింది. పెదవులు తడుముకుంది, వేళ్లు ఆడించి చూసుకుంది. తిమ్మిరి లేదు, తల తిరగలేదు. పెద్దగా ఊపిరి వదిలి పాలగిన్నెతో లోపలికొచ్చింది.

"తినవే పిల్లా. నీ కడుపులో వాడు అరుస్తున్నాడు, నాకు వినిపిస్తోంది!"

ఎల్నూరా అన్నిట్లోకీ లావుపాటి కాడ తీసుకుంది. తీసుకుని అత్త ముఖంలోకి చూసింది.

"వాసన చూశారుగా, అపా?"

"నన్నా అడుగుతున్నావ్?"

కోడలు తల దించుకుంది. కాడ మొత్తం నమిలి మింగింది. "తియ్యగా ఉంది" అని నవ్వింది.

సైరాకన్ సంబరంగా తొక్కలు ఎత్తబోయింది. వాటి కింద, ఎల్నూరా కోసి పక్కన పెట్టిన వేరుముక్క ఉంది. శుభ్రం చేస్తుంటే కత్తి నిలువునా దిగినట్టుంది. లోపల గదులు, ఒకదాని మీద ఒకటి, నిచ్చెన మెట్లలా. కింద తెల్లటి గుడ్డ మీద పసుప్పచ్చ మరక.

ఏడు కాడలూ ఏడు కుదుళ్లవి. తను రుచి చూసింది ఒక్కటే.

"ఇది దేని వేరే?"

"నేను తిన్నదానిదే, అపా. ఏం, వేరులో ఏముంది?"

సైరాకన్ కోడలి మెడ వంచి నోట్లో వేళ్లు పెట్టింది. "కక్కు! కక్కవే! నా ముక్కు చచ్చింది. చలికాలంలోనే చచ్చింది!"

ఎల్నూరా దగ్గుతూ ఆమె చెయ్యి పక్కకి తీసింది. "తెలుసు, అపా."

"ఏం తెలుసు?"

"పాలు మాడి ఇల్లంతా పొగ కమ్మిన రోజే తెలిసింది. మీరు గోడవైపు తిరిగి ఊలు వడుకుతూ కూర్చున్నారు."

"తెలిసీ ఎందుకు తిన్నావే?"

"తినకపోతే నాకు తెలిసిపోయిందని మీకు తెలిసిపోతుంది. ముక్కుకి తెలియకపోయినా, నలభై ఏళ్లుగా కాడలు కోసిన మీ చేతికైనా తెలుస్తుందిలే అనుకున్నా." పెదవులు తుడుచుకుంది. "నాలుక మొద్దుబారుతోంది, అపా."

సైరాకన్ చెప్పులైనా వేసుకోకుండా వాకిట్లోకి పరుగెత్తింది. ఐదు నెలలు కడుపులో దాచుకున్న మాటని లోయంతా మారుమోగేలా అరిచింది. "నా ముక్కు చచ్చిపోయింది! విషం పెట్టాను! గుర్రం కట్టండి, డాక్టర్ని పిలవండి!"

దూరంగా ఒకరిద్దరు ఇటు తిరిగి చూశారు. ఎవరో నవ్వారు. సైరాకన్ ముక్కేమిటి, చావడమేమిటి అనుకున్నారు. ఆమె ఇంకోసారి అరిచేలోగా, ఇంట్లో పాలగిన్నె కిందపడి దొర్లిన చప్పుడు వినిపించింది.