సోమవారం గెర్రీ అన్న మాట

సోమవారం ఉదయం ఏడుంపావుకు గెర్రీ పావ్లాక్ మంచు తోసే లారీని రోడ్డు పక్కన ఆపి రేడియో స్టేషనుకు ఫోన్ చేశాడు. ఆ వారం అమెరికన్ ఫుట్‌బాల్ ఆటల గురించి అతని అభిప్రాయం వినకుండా పనిలోకి దిగనివాళ్లు బఫెలో నగరంలో ఉన్నారు.

"గురువారం క్లీవ్‌లాండ్ జట్టులో బంతి విసిరేవాణ్ణి, ఆ క్వార్టర్‌బ్యాక్‌ని, ఏడుసార్లు పడేశారు," అన్నాడు. "బంతిని చంటిపిల్లలా ఎత్తుకుని నిలబడితే పడెయ్యరా మరి? ఎనిమిదోసారి నేనే పడేసేవాణ్ణి. ఎండ ఊరి మయామీవాళ్లు గ్రీన్ బే మంచులోకెళ్లి జేబుల్లోంచి చేతులే తియ్యలేదు. డెన్వర్ కుర్రాడి కాలు విరిగింది, పాపం. కానీ అది న్యాయమైన దెబ్బ."

"మన టిడ్‌వెల్ సంగతి?" అడిగాడు వ్యాఖ్యాత.

ఆదివారం పరాయి మైదానంలో జరిగిన ఆటలో బఫెలో ఆటగాడు కార్ల్ టిడ్‌వెల్ తలకు ఎదుటివాడి మోకాలు తగిలింది. అతను లేచాడు. బంతి రెండుగా కనిపిస్తోందని డాక్టరుకు తానే చెప్పి, నడిచి బయటికి వెళ్లాడు. బఫెలో మూడు పాయింట్లతో ఓడింది.

"రెండు కనిపిస్తే ఒకదాన్ని పట్టుకోవాలి," అన్నాడు గెర్రీ. "స్ట్రెచర్ మీద మోసుకుపోతే వేరు. తన కాళ్ల మీద తాను నడిచిపోయేవాడు పిరికివాడు."

ఆ మాట వారమంతా ఊళ్లో తిరిగింది. డెన్నీ రోర్క్ కూడా విన్నాడు.

డెన్నీ గెర్రీ భార్యకు తమ్ముడు. నలభై ఆరేళ్లు. సొంత ఊళ్లో ఆట ఉన్న ప్రతి ఆదివారం స్టేడియం పార్కింగులో వ్యాను పైకెక్కి, కింద వేసిన మడత బల్ల మీదికి దూకి దాన్ని విరగ్గొడతాడు. అక్కడ చాలామంది చేసే పనే. డెన్నీ పదకొండేళ్లలో ఒక్కసారీ మానలేదు. మూడు వారాల కిందట బల్లతో పాటు అతని తల వెనకభాగం కూడా తారు నేలకు కొట్టుకుంది. ఇంకో దెబ్బ తగిలితే లేవకపోవచ్చని డాక్టరు చెప్పినప్పుడు గెర్రీ ఆ గదిలోనే ఉన్నాడు. సోమవారం ఫోనులో మాట్లాడుతున్నప్పుడు ఆ గది అతనికి గుర్తు రాలేదు.

తర్వాతి ఆదివారం పదకొండు గంటలకు డెన్నీ వ్యాను మీద నిలబడ్డాడు. కింద రెండు వందల మంది అతని పేరు అరుస్తున్నారు.

"దిగరా డెన్నీ!" కింద నుంచి అరిచాడు గెర్రీ.

"నడిచి దిగితే ఏమంటారో నువ్వే చెప్పావుగా బావా! విన్నా."

"అది టిడ్‌వెల్ గురించి."

"వాడి తలకి కోట్లిస్తారు. అయినా పిరికివాడన్నావు. నా తలకి ఒక బీరు. నన్నేమంటావు?"

"నేనన్నది తప్పు. వాడు చేసిందే సరైన పని."

"గట్టిగా చెప్పు, వీళ్లకి వినపడలేదు."

గెర్రీ జనం వైపు తిరిగి అదే మాట అరిచాడు. బీరు డబ్బా ఒకటి వచ్చి చెవికి తగిలింది.

"ముసలాడు మెత్తబడ్డాడ్రోయ్!"

"ఇంటికెళ్లి స్వెట్టరు అల్లుకో గెర్రీ!"

డెన్నీ దూకడానికి మోకాళ్లు వంచాడు. గెర్రీ బల్లను లాగి, వ్యాను బంపరుకేసి అది రెండు ముక్కలయ్యేదాకా కొట్టాడు. ఒకడు ఇంకో బల్ల తెచ్చాడు. గెర్రీ అతని మూతి మీద గుద్దాడు. ఇద్దరు గెర్రీని పడేసి పక్కటెముకల్లో తన్నారు. డెన్నీ నిచ్చెన దిగి వచ్చి, వాళ్లను నెట్టేసి, బావ గుండెల మీద కూర్చున్నాడు.

"పదకొండేళ్లు బావా! అందరి ముందూ!"

మొదటి గుద్దుకు ముక్కు విరిగింది. మూడోదానికి పన్ను ఊడింది. గెర్రీ తిరిగి కొట్టలేదు. ఎవరి బూటూ తగలకుండా డెన్నీ తలను రెండు చేతులతో తన కోటుకు అదుముకున్నాడు. డెన్నీ అలిసిపోయేదాకా వదల్లేదు.

పన్నెండున్నరకు జనం గేట్ల వైపు కదిలారు. ఇద్దరూ వ్యాను తలుపు దగ్గర కూర్చున్నారు. డెన్నీ చీరుకుపోయిన తన పిడికిలి చూసుకున్నాడు. తర్వాత గెర్రీ ముఖం చూశాడు.

"ఎవరు కొట్టారు బావా నిన్ను?"

గెర్రీ అతని కళ్లలోకి చూశాడు. పరిహాసం కాదు, డెన్నీకి నిజంగానే గుర్తు లేదు.

"బండెక్కు."

"మరి ఆట?"

"ఎక్కరా."

అతను డెన్నీ జేబులోంచి తాళాలు తీసుకుని, హారన్ మోగిస్తూ, జనానికి ఎదురుగా ఆసుపత్రి వైపు బండి పోనిచ్చాడు. చాలామంది పక్కకు తప్పుకోలేదు.