అంగుళం వాలు

నేను కుట్టిన కోట్లలో ఏడు అమ్ముడైతే, ఆరు వెనక్కి వచ్చేశాయి. పోనీ ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పారా అంటే అదీ లేదు. ఆరుగురూ కూడబలుక్కున్నట్టు ఒకటే మాట: కుడిభుజం దగ్గర జారుతోంది, కుడి చెయ్యి పొడుగైంది. బట్ట మంచిది కాదనో, దాని మీద నేను వేసిన ఆకులు నచ్చలేదనో అంటే పోట్లాడేదాన్ని. అందరూ ఇంత ఐకమత్యంగా తప్పుపడితే ఎవరితో పోట్లాడను?

పద్నాలుగేళ్ళు పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేశాను. అందులో సగం ఎలుగుబంట్లే. ఎలుగుబంటి బడికి వెళ్ళడం, ఎలుగుబంటికి జలుబు చెయ్యడం, ఎలుగుబంటి తన బొమ్మలు తమ్ముడికి ఇవ్వడం. ఒకరోజు చిరాకు పుట్టి, మిగిలిపోయిన రంగులతో ఓ పాత దుప్పటి మీద నాకు తోచిన ఆకులు వేశాను. దాన్ని పొడుగు కోటుగా కుట్టి, తొడుక్కుని బజారుకెళ్తే ఇద్దరు ఆపి మరీ ఎక్కడ కొన్నావని అడిగారు. అంతే, అది నా తలకెక్కింది. వచ్చే ఏడాది పుస్తకాలకు బొమ్మలు వెయ్యనని ప్రచురణకర్తకు చెప్పేసి, బట్టల వ్యాపారంలోకి దిగాను.

మా సందు చివర బట్టల కొట్టావిడ, కిటికీ పక్కన ఒక కడ్డీ నా కోట్లు తగిలించుకోడానికి ఇచ్చింది. కొన్నాళ్ళు చూద్దామంది. మొదటివారం ఏడు పోయేసరికి నా కాళ్ళు నేల మీద ఆనలేదు. రెండోవారం ఆరు తిరిగొచ్చేసరికి ఆవిడ మూతి ముడుచుకుంది.

"శనివారం దాకా చూస్తానండీ. ఈలోపు సరిచేసి తెస్తే సరే. లేదంటే ఆ కడ్డీ సంచులు కుట్టే ఆయనకి ఇచ్చేస్తా, రోజూ ప్రాణం తీస్తున్నాడు" అంది.

ఆ రోజు మంగళవారం. కడ్డీ పోయిందంటే నేను మళ్ళీ ఎలుగుబంట్ల దగ్గరికే వెళ్ళాలి, అదీ ప్రచురణకర్త రానిస్తే.

ఇంటికొచ్చి ఆరు కోట్లూ బల్ల మీద పరిచి కొలిచాను. ప్రతిదానికీ కుడిభుజం సరిగ్గా అంగుళం కిందికి ఉంది. ప్రతిదానికీ కుడి చెయ్యి అరంగుళం పొడుగు. భయం సంగతి మరిచిపోయి నాకు ఆశ్చర్యం పట్టుకుంది. నా చేతి తప్పే అయితే ఒకసారి ఇటు, ఒకసారి అటు రావాలి కదా! ఇంత నిలకడ నాకెక్కడిది? ఒక కోటు తొడుక్కుని అద్దంలో చూసుకున్నాను. అచ్చుగుద్దినట్టు సరిపోయింది. విప్పి బల్ల మీద వేస్తే వంకర. మళ్ళీ తొడుక్కుంటే తిన్నగా ఉంది. అలా ఎన్నిసార్లు తొడిగి విప్పానో లెక్కలేదు.

ఇక బాబాయి దగ్గరికి వెళ్ళక తప్పలేదు. మా నాన్న తమ్ముడు. నలభై ఏళ్ళుగా మగవాళ్ళ కోట్లు కుడుతున్నాడు. నేను బట్టల్లోకి దిగుతున్నానని తెలిసి, "బొమ్మలేసుకునేదానివి, నీకెందుకే ఈ గోల?" అన్నాడు. ఆ కోపంతోనే ఇన్నాళ్ళూ ఆయన గుమ్మం తొక్కలేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళేసరికి ఇస్త్రీపెట్టె వేడెక్కుతోంది. బాబాయి ఒక కోటు అందుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కత్తిరింపుకి కాగితం నమూనా ఎక్కడ తెచ్చావ్?"

"తేలేదు బాబాయ్. అద్దం ముందు నిలబడి, కాగితాలు ఒంటికి అంటించుకుని, ఎలా కనిపిస్తే అలా గీసుకున్నా." గర్వంగానే చెప్పాను. ఉన్నది ఉన్నట్టు గీయడమే కదా నా విద్య.

ఆయన నన్ను గోడకి ఆనుకుని నిలబడమన్నాడు. సుద్దముక్కతో రెండు భుజాల దగ్గరా గోడ మీద గీతలు పెట్టాడు. పక్కకి జరిగి చూశాను. కుడి గీత అంగుళం కిందికి ఉంది.

"వంకర కోట్లలో లేదే అమ్మడూ. నీలో ఉంది."

వంటింట్లోంచి పిన్ని తొంగిచూసి, "ఆ సంగతి నేనెప్పుడో చెప్పా" అంది.

"అంత తెల్లబోతావేం?" అన్నాడు బాబాయి. "బల్ల మీదికి వంగి, కుడి చెయ్యి చాపి, ఎన్నేళ్ళు బొమ్మలేశావ్? ఒళ్ళు పనికి తగ్గట్టు వంగుతుంది. మనిషి ఉద్యోగం చెప్తే చాలు, టేపు తియ్యకుండానే సగం కొలతలు చెప్పేస్తా నేను."

"మరి వాళ్ళకి ఎలా కుట్టేవాడివి?"

"కనపడకుండా! పల్లమున్న చోట దూది, ఎత్తున్న చోట కోత. వంకరగా లోపలికొచ్చినవాడు తిన్నగా బయటికెళ్ళేవాడు. పనితనమంటే అదే." కోట్లన్నీ తన వైపు లాక్కున్నాడు. "శుక్రవారానికల్లా ఇవన్నీ సరిచేసిస్తా, పో."

పోయిన ప్రాణం లేచొచ్చింది. మెట్లు దిగబోతూ ఆగాను.

"మరి ఏడో కోటు ఎందుకు రాలేదు బాబాయ్?"

"బీరువాలో పడేసి మర్చిపోయుంటారు. నీకెందుకు, మంచిదేగా?"

మంచిదే. కానీ నా బుర్ర ఊరుకుంటేనా? కొట్టావిడని అడిగితే, అది పక్కవీధి పళ్ళ డాక్టరమ్మ కొనుక్కుందని చెప్పింది. నా కోటు ఎందుకు తిరిగివ్వలేదండీ అని ఏ మొహంతో అడగను? అందుకని లేని పంటినొప్పి ఒకటి కల్పించుకుని, గురువారం వెళ్ళి ఆవిడ కుర్చీలో పడుకున్నాను.

"ఎక్కడండీ నొప్పి?"

పైవరసలో తోచిన చోటు చూపించాను. నా కోటు తలుపు వెనక కొక్కేనికి ఉంది. డాక్టరమ్మ నాకు కుడిపక్కన కూర్చుని, దీపం సర్ది, నా నోట్లోకి వంగింది. నా కళ్ళు ఆవిడ కుడిభుజాన్నే పట్టుకున్నాయి. వంగినప్పుడు దిగిన భుజం, లేచి నిలబడ్డాక కూడా పైకి రాలేదు. నోటినిండా దూది, గొట్టం ఉండడంతో వేలెత్తి కోటు చూపించాను.

"ఆ కోటా? బాగుంది కదండీ! ఏ కోటు కొన్నా నాకు కుడిపక్క ఊగులాడుతుంది. దర్జీలేమో దూది పెట్టి ఇస్తారు. అద్దంలో బాగానే ఉంటుంది, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. ఇదైతే వేసుకున్న సంగతే గుర్తుండదు. కుట్టినావిడ ఎవరోగానీ, నన్నెప్పుడు చూసిందో!"

"నేనే!" అని అరిచాను. బయటికి వచ్చింది మాత్రం "ఏఏ" అనే.

"అయ్యో, అంత నొప్పా? ఉండండి, మత్తిస్తాను. నిజంగానే పుచ్చుంది."

లేని నొప్పితో వెళ్ళి ఉన్న పుచ్చు పూడ్పించుకున్నాను. డాక్టరమ్మ భోజనానికి వెళ్తూ నా ముందే కోటు తొడుక్కుంది. ఎక్కడా ముడత లేదు, జారుడు లేదు. ఒకసారి కూడా భుజం సర్దుకోలేదు. నా పద్నాలుగేళ్ళ ఎలుగుబంట్లు, వాటి సంగతే ఎరగని మనిషికి ఇలా పనికొచ్చాయని నాకు పట్టరాని సంతోషం వేసింది.

సగం మూతి మొద్దుబారి ఉండగానే బాబాయి ఇంటికి పరిగెత్తాను. ఆయన మొదటి కోటు మీద సుద్దతో గీసి, కత్తెర తీస్తున్నాడు.

"ఆగు బాబాయ్! కత్తిరించకు!"

జరిగినదంతా చెప్పాను. దూది సంగతి, మెడ సంగతి కూడా చెప్పాను. అది దాచుకోవాల్సింది. బాబాయి కత్తెర కింద పెట్టాడు.

"అయితే నలభై ఏళ్ళూ నేను జనం మెడలు విరిచానంటావ్."

"నేనలా అన్నానా?"

"ఇంకెలా అంటారు?" కోట్లు మడతపెట్టి నా చేతిలో పెట్టి, అటు తిరిగిపోయాడు. వెనక్కి పిలుస్తాడేమోనని మెట్ల మీద కాసేపు నిలబడ్డాను. పిలవలేదు.

శనివారం ఆరు కోట్లూ ఎలా ఉన్నవి అలాగే కడ్డీకి తగిలించి, కిటికీ పక్కన ఒక పీట వేసుకుని, బొమ్మల పుస్తకం తెరుచుకుని కూర్చున్నాను. లోపలికి వచ్చినవాళ్ళ భుజాలు గీశాను. గీశాక, "మీరేం పని చేస్తారండీ?" అని అడిగాను. కొట్టావిడ ముక్కున వేలేసుకుంది. కొందరు నవ్వారు, ఒకాయన నేను పోలీసునా అని అడిగాడు. రోజంతా కాగితాల మీద ముద్రలు కొట్టే ఆఫీసు ఉద్యోగిని ఒకావిడకు, పక్కవాళ్ళ పెద్ద కుక్కల్ని షికారుకు తిప్పే అమ్మాయికి కోటు చటుక్కున సరిపోయింది. ఎడమకు వాలినవాళ్ళు, వీపు గుండ్రమైనవాళ్ళు మాత్రం, "మాకు లేవా?" అని అడిగి వెళ్ళిపోయారు.

సాయంత్రం కొట్టావిడ కడ్డీ వైపు చూసింది. "రెండే పోయాయి."

"అడిగి వెళ్ళినవాళ్ళకి విడిగా కుట్టిస్తానండీ..."

"నాది తయారు బట్టల కొట్టండీ. మనిషి మనిషికీ వేరేగా అంటే నా వల్ల కాదు. ఏమీ అనుకోకండి."

ఆవిడ తప్పేమీ లేదు. మిగిలిన నాలుగు కోట్లూ తెచ్చేసుకున్నాను.

ఆదివారం పొద్దున బాబాయికి చెప్పి రావాలని వెళ్ళాను. కడ్డీ పోయిందన్నాను. ఊఁ అన్నాడంతే. బొమ్మల పుస్తకం ఆయన ముందు పెట్టాను. వద్దువద్దంటూనే కళ్ళజోడు పెట్టుకున్నాడు. మొదటి బొమ్మ చూసి, "వడ్రంగి" అన్నాడు.

వడ్రంగే. కింద రాసుకున్నాను కూడా, కానీ ఆయన వేలు ఆ అక్షరాల్ని కప్పేసింది.

"ఈయన బస్సు నడుపుతాడు. ఈవిడ చంటిబిడ్డ తల్లి, ఎప్పుడూ ఒకే చంకనెత్తుకుంటుంది. వీడు... వీడు తెలియట్లేదే! ఏం చేస్తాడు వీడు?"

"బావుల్లో మోటార్లు దించుతాడట."

"అబ్బో!" అన్నాడు. ఆ గీతని వేలితో మళ్ళీ గీశాడు. "ఇలాంటి భుజానికి దూది పెట్టకుండా కుట్టాలంటే ఎక్కడ కత్తిరించాలంటావ్?"

"తెలీదు. నీకు?"

"నాకూ తెలీదు." నలభై ఏళ్ళ పనివాడు ఆ మాట ఎంత హుషారుగా అన్నాడని! లేచి, బల్ల మీది బట్టలన్నీ ఒక పక్కకి నెట్టాడు. "ఇటు సగం నీది. నా కత్తెర మాత్రం ముట్టుకున్నావో!"

నేను పుస్తకంలో కొత్త కాగితం తిప్పాను. "అయితే ముందు నువ్వు నిలబడు. గీస్తాను."

"నాదెందుకే ఇప్పుడు?"

"నిలబడండి, అరిగిపోతారా?" అంది పిన్ని.

గది మధ్యలో నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకి కట్టుకున్నాడు. కత్తెర పట్టే చేతివైపు భుజం నా భుజం కన్నా బాగా కిందికి ఉంది. ఉన్నది ఉన్నట్టు గీసి చూపించాను. చాలాసేపు చూశాడు.

"ఎన్ని వేలమందిని కొలిచానో," అన్నాడు. "నన్నెవరూ కొలవలేదే."