పదిహేను తోబుట్టువులు

ఆ ఉదయం ఆకాశం బియ్యం కడిగిన నీళ్ళ రంగులో ఉంది. వాన పడేట్టూ లేదు, మబ్బు విడేట్టూ లేదు. తార్నాక ఇంట్లో నవనీత జొన్నరొట్టె కాలుస్తుంటే భర్త రవికాంత్ వెనక నుంచి అన్నాడు.

"నువ్వు తీసిన ఈగల ఫొటోలు నా థీసిస్‌ల పెడ్తున్న. గైడు సార్ గూడ సరే అన్నడు. నువ్వు మళ్ళ తీసుకోవచ్చు."

రొట్టె మాడింది. తీసి తన కంచంలో వేసుకుంది. మాడినవి ఎప్పుడూ ఆ కంచంలోకే.

"ఇంట్ల ముందుగాల వాడు డాక్టర్ గానియ్యి బిడ్డా. నీదేడికి పోతది" అంది అత్త ప్రమీలమ్మ.

నవనీత, రవికాంత్ ఇద్దరూ ఒకే ఏడాది యూనివర్సిటీలో, ఒకే ల్యాబులో పీహెచ్‌డీకి చేరారు. పెళ్ళయ్యాక ల్యాబులో అతను పెంచే ఈగలకూ ఆమే మేత పెట్టింది. ఈస్టు ముద్ద తింటేనే ఆడ ఈగల అండాశయాలు నిండుతాయి. ఆదివారమైనా తప్పదు. ఆదివారం అతను పడుకునేవాడు. ఆ ఫొటోలు పోతే ఆమె థీసిస్‌లో మిగిలేది ముందుమాటే. మళ్ళీ తీయడానికి గడువు లేదు.

ల్యాబులో జూనియర్ ధరణి మైక్రోస్కోపులో చూస్తూ అడిగింది.

"అక్కా, గుడ్డు పక్కన గివేంది, గింత పెద్దగున్నయి?"

"పోషక కణాలు. పదిహేను. గుడ్డుతోటి కలిసి ఒక్క కణంలకెల్లే పుట్టినయి. ఉన్నదంతా దానికి పోస్తయి."

"పోసినంక?"

"సచ్చిపోతయి."

"గుడ్డయ్యేదేదో పుట్టినప్పుడే తెలుస్తదా?"

"చూస్తే అన్ని ఒక్కతీరుగనే ఉంటయి."

"మంచిగున్నది. మా ఇంట్ల నేను, మా తమ్ముడు గిట్లనే."

 నవనీత ఈగను కోసే సూది కింద పెట్టింది. ఈగ కడుపులో ఎవరూ ఎవరినీ అడగరు. పొద్దున తననూ ఎవరూ అడగలేదని అప్పుడు తట్టింది. లేచి గైడు గదికి వెళ్ళింది.

"సార్, ఆ ఫొటోలు నా థీసిస్‌లోనే ఉంటాయి."

ఆయన తల ఎత్తలేదు. "ఇంట్లో మాట్లాడుకోండమ్మా."

"ఇది ఇంటి మాట కాదు సార్."

ఆమె ఇల్లు చేరేసరికే రవికాంత్‌కు తెలిసింది. "సార్ ముంగట నా ఇజ్జత్ తీసినవ్."

"నా ఫొటోలు నా దగ్గర పెట్టుకున్న. గంతే."

రోజూ అతను తిని లేచాకే అత్తాకోడళ్ళు తినేవాళ్ళు. ఆ రాత్రి నవనీత మూడు కంచాలు పెట్టింది. రొట్టెల గిన్నె మధ్యలో ఉంచి తనూ కూర్చుంది. ప్రమీలమ్మ గరిటె పట్టుకుని నిలబడింది. కొడుకు కంచం ముందుకు జరిపాడు. ఆమె ఆ కంచం వైపు చూసింది, కోడలి వైపు చూసింది. గరిటెను కూరగిన్నెలో వదిలి, మోకాలు పట్టుకుని, కోడలి పక్కన కూలబడింది.

ఎవరికి వాళ్ళు వడ్డించుకున్నారు. ఈసారి మాడిన రొట్టె రవికాంత్ చేతికి వచ్చింది. దాన్నే తుంచి నోట్లో పెట్టుకున్నాడు.  ముగ్గురూ తిన్నారు.