చూద్దాం పదండి

నకరికల్లు దగ్గరున్న ఆ ఊరికి సర్పంచ్ సుభాషిణి. పంచాయతీ ఆఫీసులో సర్పంచ్ కుర్చీలో కూర్చునేది మాత్రం ఆమె భర్త రవిశంకర్. పిలిచినప్పుడు ఆమె వచ్చి సంతకాలు పెట్టి ఇంటికి పోయేది. ఊళ్లో ఎవరికీ ఇది వింతగా తోచలేదు. మన ఊళ్లలో ఎందరికి తోస్తుంది చెప్పండి!

ఏప్రిల్‌లో ఊరి బోరు మోటారు కాలిపోయింది. మూడో రోజు పొద్దున్నే ఆడవాళ్లు ఖాళీ బిందెలతో ఆఫీసు ముందుకొచ్చారు.

"చూద్దాంలే, వెళ్లండి" అన్నాడు రవిశంకర్. ఎవరేమడిగినా ఆయన నోట వచ్చేది ఆ ఒక్క మాటే.

"ఏందిరా చూసేది? నీ చూద్దాంతో నా పప్పు ఉడుకుద్దా?" అంది వీరరాఘవమ్మ. ఒంటరి ముసలామె. మోకాళ్ల నొప్పులతో నాలుగడుగులు వేయడమే కష్టం. దూరం నుంచి నీళ్లు తెచ్చుకోలేదు, తెచ్చిపెట్టేవాళ్లూ లేరు.

సంతకాలకని వచ్చిన సుభాషిణికి సిగ్గేసింది. "చూద్దామంటే ఇక్కడ కూర్చుని ఎట్టా చూస్తాం? పదండి" అని బోరు దగ్గరికి నడిచింది.

మోటారు బాగవడానికి రెండు రోజులు పడుతుందన్నాడు మెకానిక్. ఆమె ఆ మాటే దాచకుండా అందరికీ చెప్పింది. ట్యాంకరు తెప్పించి, నడవలేనివాళ్ల బిందెలు ముందుగా నింపించింది.

రెండు రోజుల తర్వాత బాగైన మోటారును బోరులోకి దించి స్విచ్ వేశారు. పైపు కాసిని బురదనీళ్లు కక్కి ఆగిపోయింది. బోరే ఎండిపోయింది.

"ఇంక మన పని అయిపోయినట్టే" అన్నారెవరో.

"నాకూ భయంగానే ఉంది" అంది సుభాషిణి. "కానీ పోయింది ఒక్క బోరే. ఊళ్లో నీళ్లున్న బోరు ఎవరిదో చెప్పండి."

హనుమయ్యదన్నారు. పంచాయతీ ఎన్నికల్లో సుభాషిణి చేతిలో ఓడిపోయింది ఆయన కోడలే. అప్పటినుంచి రెండిళ్లకూ మాటల్లేవు.

"ఆయన గడప తొక్కితే మన పరువేం కావాల?" అన్నాడు రవిశంకర్.

"ఊరు గొంతెండి చస్తుంటే పరువేం చేసుకుంటామండీ?" అని ఆమె ఒక్కతే వెళ్లింది.

"బాబాయ్, కొత్త బోరు పడేదాకా మీ బోరు నీళ్లు ఊరికి కావాలి."

"మిర్చి కోతలైపోయినయ్. మోటారు ఖాళీగానే ఉందమ్మా. అడిగితే మొదటి రోజే ఇచ్చేవాణ్ణి. అడిగినోళ్లేరీ?" అన్నాడు హనుమయ్య.

మర్నాడు పొద్దున హనుమయ్య పొలంలోని బోరు నుంచి ఊరి నీళ్ల ట్యాంకుదాకా పైపులు మోసినవాళ్లలో రవిశంకర్ కూడా ఉన్నాడు. ఆయన్ని ఎవరూ పిలవలేదు. మధ్యాహ్నానికి కుళాయిల్లో నీళ్లొచ్చాయి. వీరరాఘవమ్మ కుళాయి కింద బిందె పెట్టి కళ్లనీళ్లు పెట్టుకుంది.

హనుమయ్య పొలం గట్టున నిలబడి, చెమటలు తుడుచుకుంటున్న రవిశంకర్‌ని పిలిచాడు. ఎన్నికల తర్వాత ఆ ఇద్దరి మధ్యా అదే మొదటి పలకరింపు.

"ఒరేయ్ రవీ, ఏం కాదులే అని మభ్యపెట్టేవాళ్లని చూశా, అంతా అయిపోయిందని చేతులెత్తేసేవాళ్లనీ చానామందిని చూశా. మీ ఆవిడ ఆ రెండూ చెయ్యలా. కష్టం ఎంతుందో ఉన్నదున్నట్టు చెప్పి, ఆపైన చెయ్యాల్సిన పనికి తనే ముందు నడిచింది. నాయకత్వమంటే అదిరా."