డాబా వంతుల చక్రం

నేను ఒక చక్రాన్ని. అయితే నాకు ఇరుసు లేదు, ఆకులు లేవు, కందెన అక్కరలేదు. కాకినాడలోని పున్నాగ అపార్ట్‌మెంట్స్ వారి వెబ్ పేజీలో రంగురంగుల గళ్ళతో గుండ్రంగా కూర్చుని ఉంటాను. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క ఫ్లాటు నంబరు. తెర మీద వేలు ఆనిస్తే తిరుగుతాను, ఆ తర్వాత మెల్లమెల్లగా ఆగుతాను. నాకు వచ్చిన పేరూ, నా మీద పడిన నిందా రెండూ ఆ ఆగడం వల్లనే వచ్చాయి.

నా పుట్టుకకు కారణం గుమ్మడి వడియాలు. నీళ్ళ ట్యాంకులూ సోలార్ పలకలూ ఆక్రమించుకోగా, పున్నాగ వారి డాబా మీద ఒక్క కుటుంబం చాపలు పరుచుకునేంత చోటు మాత్రమే మిగిలింది. వేసవి వస్తే అందరికీ ఆ చోటే కావాలి. అందులోనూ మొదటి వంతే కావాలి. ఆలస్యమైన కొద్దీ ఏదో ఒక సాయంకాలం గాలివాన వచ్చి, పెట్టిన వడియాలను తిరిగి పిండి చేసి పోతుంది. పూర్వం స్టీలు గ్లాసులో చీటీలు వేసి తీసేవారట. ఒక ఏడాది ఒక చీటీ మడత మిగతావాటి మడతలా లేదని రగడ జరిగింది. అప్పుడు సంఘం కార్యదర్శి పేర్రాజు గారు, తన పక్క ఫ్లాటులోనే ఉంటూ ఇంటి నుంచి సాఫ్ట్‌వేర్ పని చేసే వారిజను పిలిచి, “అమ్మాయ్, మనిషి చెయ్యి పడని ఏర్పాటేదైనా చూడమ్మా,” అన్నారు. అటువంటి ఏర్పాటును కూడా ఒక మనిషి చేతనే చేయించవలసి వస్తుందన్న సంగతి ఆయనకు అప్పట్లో తోచలేదు.

వారిజ నన్ను జావాస్క్రిప్ట్‌లో రాసింది. వేలు తగిలిన క్షణంలోనే కంప్యూటరు యాదృచ్ఛికంగా ఒక నంబరును ఎన్నుకుంటుంది. కొన్ని చుట్లు తిరిగి ఆ గడి దగ్గర ఆగడమే నా ఉద్యోగం. మొదట ఆమె నన్ను ఒకే వేగంతో తిప్పి, గమ్యం రాగానే ఆపింది. గోడకు గుద్దుకున్నట్టు నిలిచిపోయాను. చూసి ముఖం చిట్లించి, ఒక నియమం పెట్టింది: బ్రౌజరు తెరను తిరిగి గీసే ప్రతిసారీ, మిగిలిన దూరంలో ఒక చిన్న వంతు మాత్రమే నేను కదలాలి. దూరం ఎక్కువగా ఉన్నప్పుడు ఆ వంతు కూడా పెద్దదే కనుక పరుగెత్తుతాను. దూరం తరిగే కొద్దీ అదీ తరుగుతుంది, నా అడుగులు చిన్నవవుతాయి. నిజానికి ఈ లెక్కన నేను గమ్యాన్ని ఎన్నటికీ చేరను; ఎంత నడిచినా ఇంకొంచెం మిగిలే ఉంటుంది. అందుకని, మిగిలింది వెంట్రుకవాసి కంటే తక్కువైతే ఇక గమ్యం మీదనే కూర్చోమని ఆమె మరొక పంక్తి చేర్చింది. అనంతం గురించి తత్త్వవేత్తలు తరాల తరబడి ఎందుకు మథనపడ్డారో గాని, వారిజ ఒక్క పంక్తితో తేల్చేసింది.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం అందరూ కింద పార్కింగులో కుర్చీలు వేసుకుని పెద్ద టీవీ తెర మీద నన్ను చూశారు. వారిజ వేలు ఆనించింది. రంగులన్నీ కలిసిపోయేటంత జోరుగా తిరిగాను. నెమ్మదించాను. మాణిక్యాంబ గారి 401ని దాటి, పేర్రాజు గారి 403 ఇంకా ఒక గడి దూరంలో ఉండగానే, 402లో ఆగాను. అది వారిజ ఫ్లాటు.

“ఆయ్, అంత జోరుగా తిరిగింది కదండీ! సరిగ్గా ఈవిడ నంబరు దగ్గరికొచ్చేసరికే నీరసం వచ్చేసిందా దానికి?” అన్నారు పేర్రాజు గారు.

“నెమ్మదించడం ఊరికే చూడ్డానికండి బాబాయిగారూ. నంబరు ముందే తేలిపోద్ది,” అంది వారిజ.

“ముందే తేలిపోయిందంట! విన్నారా?”

నిజం చెప్పినందుకు ఇంత త్వరగా దొంగ అయిన మనిషిని నేను మరెక్కడా చూడలేదు. అవమానంతో వారిజ తన నంబరు తీసేస్తానంది. మాణిక్యాంబ గారు ఒప్పుకోలేదు. “తీసేస్తే నువ్వే చేశావన్నట్టు ఉంటాది. ఊరుకో తల్లీ.” వంతుల నిర్ణయం మరుసటి ఆదివారానికి వాయిదా పడింది. ఆ వారమంతా వారిజ లిఫ్టు ఎక్కితే లోపలి మాటలు ఆగిపోయేవట. ఆ మాటలు మాత్రం నాలా మెల్లగా ఆగలేదు.

మరుసటి ఆదివారం పేర్రాజు గారు తీర్పు చెప్పారు: “ఆ బ్రేకు పీకెయ్యమ్మా. గొడవొదిలిపోద్ది.”

వారిజ నా నియమాన్ని తీసివేసింది. గిర్రున తిరిగి, ఠక్కున 103 దగ్గర నిలిచాను. చప్పట్లు లేవు. 103లో ఉండే సత్తిబాబు గారు తనకు దక్కిన అదృష్టాన్ని చూసి తానే బెదిరిపోయారు. “ఇదేంటండీ, ఎవరో ప్లగ్గు లాగేసినట్టు ఆగింది! ఇదీ ఒక గెలుపేనా? రేపు నన్నే అంటారు. నాకొద్దు బాబోయ్ ఈ వంతు.”

వారిజ అక్కడే మెట్ల మీద కూర్చుని, ల్యాపుటాపు ఒళ్ళో పెట్టుకుని, నా పాత నడకను నాకు తిరిగి ఇచ్చింది. కంప్యూటరు ఎన్నుకున్న నంబరు నేను కదలక మునుపే తెర పైభాగాన పెద్ద అక్షరాల్లో కనబడేటట్టు చేసింది. తర్వాత లేచి, “ఈసారి మీరే నొక్కండి బాబాయిగారూ. నేను దగ్గరికి కూడా రాను,” అని స్తంభం పక్కకు వెళ్ళి నిలబడింది.

పేర్రాజు గారు చూపుడు వేలిని పంచెకు తుడుచుకుని నొక్కారు.

తెర పైన పడింది: 402.

ఆ తర్వాతే నేను బయలుదేరాను. ఫలితం నా నెత్తిమీద ధగధగలాడుతోంది. ఒక్కరూ దాన్ని చూడడం లేదు. అందరి కళ్ళూ నా మీదే. 401 చేరగానే మాణిక్యాంబ గారు చేతులు జోడించి, “ఆగమ్మా, ఆగాగు!” అన్నారు. ఆవిణ్ణి దాటాను. “ఇంకొక్క గడి... ఇంకొక్క గడి...” అంటూ పేర్రాజు గారు కుర్చీతో సహా ముందుకు జరిగారు. వెంట్రుకవాసి మిగిలింది. 402లో కూర్చున్నాను.

ముందుగా తేరుకున్నది మాణిక్యాంబ గారే.

“ఏవండీ పేర్రాజు గారూ, ఎన్ని డబ్బాల వడియాలకి ఒప్పుకున్నారేంటి?”

పార్కింగంతా ఘొల్లుమంది. పేర్రాజు గారు లేచి నిలబడ్డారు. “నేను వేలెట్టడం తప్ప ఏం చేశానండీ? అందరూ చూస్తానే ఉన్నారు కదా! కిందటివారం వచ్చిన నంబరు ఈ వారం రాకూడదని రూలేమన్నా ఉందా? పోయినసారి ఎవరికిచ్చిందో దానికేమన్నా గుర్తుంటాదా?”

సంభావ్యత గురించి పున్నాగ అపార్ట్‌మెంట్స్‌లో అంత శాస్త్రీయంగా అంతకుముందు ఎవరూ మాట్లాడలేదు. అనుమానం తన ఇంటి గడప తొక్కాక మనిషి ఎంత త్వరగా హేతువాది అవుతాడో ఆ రోజు చూశాను. స్తంభం పక్కనున్న వారిజ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. లిఫ్టులో పైకి వెళుతున్నప్పుడు ఆమెతో అందరూ ఒకేసారి మాట్లాడారట. ఆమె వంతు వచ్చిన రోజున డాబా మీద ఆమె చాప పక్కనే మాణిక్యాంబ గారి చాప కూడా పరిచి ఉందట.

ఇప్పుడు నేను పాతబడ్డాను. ఏడాదంతా నిద్రపోయి వేసవిలో ఒక్క పూట మేలుకుంటాను. నేను ఎన్నడూ ఏదీ నిర్ణయించలేదు. నిర్ణయం క్షణంలో జరిగిపోతుంది; మనుషులకు దాన్ని ఒప్పుకోవడానికి మరికొంత సమయం కావాలి. ఆ సమయమే నేను. మొన్న ఏప్రిల్‌లో నంబరు తెర మీద పడిన తర్వాత కూడా పేర్రాజు గారు వారిజ చెవి దగ్గరికి వంగి, ఎవరూ వినకుండా అడిగారు:

“అమ్మాయ్, ఆ చివరి రెండు గళ్ళూ ఇంకాస్త మెల్లగా తిప్పలేవూ?”