నూట డెబ్భై

మా మరిదికి చేతకాని పని లేదు, కనీసం అతని ఉద్దేశంలో. అతని భార్య, అంటే నా చెల్లెలు, పశువుల డాక్టరు. వారానికి రెండుసార్లు కొండమీది మందల దగ్గరికి వెళ్తుంది. దారిలో రాళ్లు బండి పొట్టకు తగులుతున్నాయని ఒకసారి అంది, అంతే. మరిది ఎక్కడినుంచో బండి ఎత్తు పెంచే కిట్ తెప్పించి, తన షెడ్డులోనే పాత స్ప్రింగులు పీకి, పొడుగు స్ప్రింగులు వేసి, బండిని మూడంగుళాలు పైకి లేపాడు. ఆ తర్వాత అలైన్‌మెంట్ కోసం నా వర్క్‌షాపుకు తెచ్చాడు.

"ముందు చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో చూడు వదినా, చాలు. మిగతాదంతా నేను చూసుకున్నాను."

"నువ్వు చూసుకున్నావు కాబట్టే నాకు భయం," అన్నాను.

చాసీకి రెండు వైపులా దారం కట్టి, గుండు వేలాడదీసి, టైర్ల దాకా కొలిచాను. ముందు యాక్సిల్ మొత్తం డ్రైవర్ వైపుకు పద్దెనిమిది మిల్లీమీటర్లు జరిగిపోయి ఉంది. ఇందులో వింతేమీ లేదు. యాక్సిల్ పక్కలకు జరగకుండా అడ్డంగా ఒక కడ్డీ పట్టుకుని ఉంటుంది. ట్రాక్ బార్ అంటాం. దాని ఒక కొస చాసీకి, ఇంకో కొస యాక్సిల్‌కు ఉంటాయి. బండి పైకి లేస్తే ఆ కడ్డీ ఏటవాలుగా నిలబడి యాక్సిల్‌ను లాగేస్తుంది. అందుకే పొడవు మార్చుకునే కడ్డీ వేసి, దాన్ని తిప్పి తిప్పి యాక్సిల్‌ను మళ్లీ నడిమధ్యకు తోయాలి. ఆ కడ్డీ కిట్‌లో ఉంది. మరిది అది అక్కర్లేదనుకుని అట్టపెట్టెలోనే ఉంచేశాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "దీంట్లో నా చెల్లెల్ని కొండెక్కిద్దామనుకున్నావా?"

"నీకు చెల్లెలైతే నాకు భార్య వదినా."

"గుర్తుందన్నమాట."

మొహం మాడ్చుకున్నాడు. ఆ తర్వాత మేమిద్దరం మాట్లాడుకోలేదు. కొత్త కడ్డీ అతనే తెచ్చాడు, యాక్సిల్ వైపు బోల్టు అతనే దూర్చాడు, నేను తిప్పి కొలిచాను. రెండు వైపులా కొలత మిల్లీమీటరు తేడా లేకుండా వచ్చింది. బండిని నేలమీదికి దించాను. బండి బరువు చక్రాలమీద ఉండగానే ఆ బోల్టు బిగించాలి, చక్రాలు గాల్లో ఉండగా కాదు. దానికి నూట డెబ్భై న్యూటన్ మీటర్ల బిగువు కావాలి.

నా వర్క్‌షాపులో ఒక నియమం ఉంది. బిగించేవాళ్లు, ఎంత బిగువు కావాలో తిప్పి పెట్టుకునే టార్క్ రెంచ్ మీద అంకె చూసి పైకి చదవాలి. పక్కనున్నవాళ్లు దాన్ని తిరిగి చెప్పాలి. అనుకున్న బిగువు రాగానే రెంచ్ టక్కుమంటుంది. అప్పుడు పక్కనున్నవాళ్లే బోల్టు మీదినుంచి బ్రాకెట్ మీదికి పసుపు పెయింటుతో గీత గీయాలి. బోల్టు ఏమాత్రం తిరిగినా గీత రెండు ముక్కలవుతుంది. బిగించిన చేత్తోనే గీత గీయకూడదు. ఇరవై ఏళ్లలో ఈ నియమం తప్పినవాళ్లను ఎంతమందిని తిట్టానో లెక్కలేదు.

ఆ రోజు పక్కనున్నది మరిది. అతనితో మాట్లాడటం నాకు ఇష్టం లేదు. రెంచ్ తీసుకున్నాను, లాగాను, టక్కుమంది. గీత కూడా నేనే గీశాను.

రెండింటికి చెల్లెలు వచ్చింది. మందుల పెట్టె వెనక పెట్టి, కొత్త ఎత్తుకు కాలెత్తి ఎక్కుతూ, "దీనికి నిచ్చెన కూడా ఇస్తారా?" అంది. ఎప్పటిలాగే చెప్పాను, కంకర దారి మొదలవగానే బండి ఆపి పసుపు గీతలు చూసుకోమని. "చూస్తాలే అక్కా, చంపకు," అని వెళ్లిపోయింది.

పదిహేను నిమిషాల తర్వాత సామాను సర్దుతూ రెంచ్ చేతిలోకి తీసుకున్నాను. పెట్టెలో పెట్టేముందు దాని అంకెను కిందికి దించడం అలవాటు. అంకె చూశాను.

యాభై.

ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. నేను రెంచ్‌ను నూట డెబ్భైకి తిప్పి ఉంచి పెయింటు కోసం వెళ్లినప్పుడు, మరిది చక్రాల మధ్య ఉండే ఇంకో కడ్డీ క్లాంపు బిగించాడు. దానికి యాభై చాలు. రెంచ్‌ను యాభైకి తిప్పుకుని, బిగించి, తీసినచోటే పెట్టాడు. నేను చూడకుండా లాగాను. టక్కుమన్నది యాభైకి.

ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. నడిపేటప్పుడు ఫోన్ ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతానని దానికి చెప్పింది నేనే. పద్దెనిమిదేళ్లప్పుడు చెప్పాను. ఇప్పటికీ పాటిస్తోంది.

"వ్యాన్ తియ్యి," అన్నాను మరిదితో. "ట్రాక్ బార్ బోల్టు మీద అనుమానంగా ఉంది."

తాళంచెవికి చెయ్యి చాపినవాడు ఆగిపోయాడు. "నేను వేసిన బోల్టా?"

"ఆ," అన్నాను. అబద్ధం కాదు. ఆ బోల్టు వేసింది అతనే.

ముప్ఫై కిలోమీటర్లు తారురోడ్డు. అక్కడిదాకా ఫరవాలేదు. తర్వాత కంకర, ఆపైన వంతెన, వంతెన దాటితే కొండ ఎక్కుడు. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు. కంకర మీద కాసేపు అదిరితే ఆ బోల్టు వదులవుతుంది. వదులైతే యాక్సిల్ అటూ ఇటూ ఊగుతుంది, స్టీరింగు చేతుల్లో ఆగదు. మలుపులో అలా జరిగితే ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసిన పని కావడం ఆ రోజు నాకు శాపమైంది.

మరిది వ్యాన్‌ను ఉరికిస్తున్నాడు. నేను ఫోన్ చెవికి పెట్టుకునే ఉన్నాను.

"నువ్వన్నది నిజమే వదినా," అన్నాడు. "నాకు అన్నీ వచ్చనుకుంటాను. నాకేమీ రాదు. దానికేమన్నా అయితే..."

"రోడ్డు చూడు."

"నా చేతులే, వదినా. ఈ చేతులతోనే పెట్టాను."

ఏడుస్తున్నాడు. కళ్లు తుడుచుకోవడానికి కూడా స్టీరింగు వదలడం లేదు. రెంచ్ నా కాళ్ల దగ్గరే ఉంది. యాభై అన్న అంకె ఇంకా అలాగే ఉంది. చెప్పాలి. నోరు తెరిచాను కూడా. చెల్లెలు క్షేమంగా కనిపించాక చెప్పొచ్చులే అనుకుని మూసుకున్నాను. కనిపించకపోతే ఈ మనిషి బతికినంతకాలం తన చేతులవంక చూసుకుంటూ ఉంటాడని తెలుసు. తెలిసీ మూసుకున్నాను.

తారు అయిపోయింది. కంకర మీద వ్యాన్ దడదడలాడింది. దుమ్ములో ఎదురొచ్చిన లారీవాణ్ణి ఆపి అడిగితే, ఎత్తు బండి ఏదీ చూడలేదన్నాడు. ఎదురుపడాల్సిన బండి కనపడలేదంటే, దారి కిందికి పడిపోయిందా?

వంతెనకు కాస్త ఇవతల, దారి దిగువన, బండి కనిపించింది. తలుపు తెరిచి ఉంది. సీట్లో ఎవరూ లేరు.

వ్యాన్ ఆగకముందే దూకాను. బండి కిందినుంచి రెండు కాళ్లు బయటికొచ్చి ఉన్నాయి. ఆ బూట్లు నేను కొనిచ్చినవే.

"ఏమే!"

కాళ్లు కదిలాయి. చెల్లెలు తల బయటపెట్టింది. జుట్టునిండా దుమ్ము. "అరుస్తావేంటక్కా? నువ్వే కదా చూడమన్నావు. చూస్తున్నాను."

ప్రాణం లేచొచ్చింది. మరిది అక్కడే నేలమీద కూలబడ్డాడు.

చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టుకుని మరీ కింద దూరింది. కంకర మొదలైనచోట ఆపడం మర్చిపోయిందట. కాసేపటికి స్టీరింగులో కటకటమని చప్పుడు వచ్చిందట. అప్పుడు గుర్తొచ్చి పక్కకు దించింది. నేను పక్కన పడుకుని చూశాను. బోల్టు మీది పసుపు, బ్రాకెట్ మీది పసుపు కలవడం లేదు. మధ్యలో వేలెడు ఎడం. బోల్టును చేత్తో తిప్పితే తిరిగింది. బయటికి లాగి కంతలో వేలుపెట్టి చూశాను. అరగలేదు. బోల్టును మళ్లీ దూర్చాను.

చెల్లెలు లేచి దుమ్ము దులుపుకుంది. నవ్వడం లేదు. మొగుడివంక చూసింది. "దీన్ని ఎవరు బిగించారు?"

"నేనే," అన్నాడు మరిది.

అక్కడితో అయిపోయేది. చెల్లెలు నాలుగు తిట్లు తిట్టేది, అతను తల వంచుకునేవాడు, ఆదివారానికి అందరం మర్చిపోయేవాళ్లం. ఆ ఒక్క మాటతో నాకు ఎంత హాయి అనిపించిందో చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది.

"కాదు. నేను బిగించాను," అన్నాను. "రెంచ్ యాభై మీద ఉంది. చూడలేదు. పైకి చదవలేదు. గీత కూడా నేనే గీశాను. మేమిద్దరం వ్యాన్‌లో బయల్దేరేముందే నాకు తెలుసు. దారిపొడవునా ఇతను ఏడుస్తుంటే విన్నాను."

మరిది తలెత్తాడు. "యాభైకి పెట్టింది నేనే కదా వదినా."

"చూడకుండా లాగింది నేను."

చెల్లెలు నన్నే చూస్తోంది. చిన్నప్పటినుంచీ దానికి సైకిలు దగ్గర్నుంచి బండి దాకా నేను చూసి సరే అంటేనే సరే. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను.

చెల్లెలు వ్యాన్‌లోంచి రెంచ్ తెచ్చి మొగుడి చేతికిచ్చింది. అతను అంకెను యాభై నుంచి పైకి తిప్పాడు. "అంకె చదువు."

"నూట డెబ్భై," అన్నాడు.

"అక్కా, తిరిగి చెప్పు."

"నూట డెబ్భై."

అతను కింద దూరి లాగాడు. ఈసారి టక్కుమనడానికి చాలాసేపు పట్టింది. చెల్లెలు మందుల పెట్టెలోంచి స్పిరిట్, దూది తీసి నా పాత గీతను శుభ్రంగా తుడిచేసింది. నా జేబులోంచి పెయింటు తీసుకుని తనే కొత్త గీత గీసింది. కాస్త వంకరగా వచ్చింది.

తర్వాత డ్రైవర్ సీటెక్కి, పక్క తలుపు లోపలినుంచి తెరిచింది.

"ఎక్కు."

"నాకు షాపులో పని..."

"ఎక్కక్కా. పైదాకా నువ్వూ రా."

ఎక్కాను. అద్దంలో మరిది వ్యాన్ వెనకే వస్తూ కనిపించింది. వంతెన దాటాం, ఎక్కుడు మొదలైంది. కుడివైపు ఏమీ లేదు. స్టీరింగు తిన్నగా ఉంది, చప్పుడు లేదు. అయినా ప్రతి మలుపులో నా రెండు చేతులూ సీటు అంచును పట్టుకునే ఉన్నాయి. చెల్లెలు అది చూసింది.

"నేను వారానికి రెండుసార్లు ఇలాగే వెళ్తాను," అంది.